గ్లెనిస్ నడిపిన నిద్రబల్లి

ఆ ఏడు మార్చిలో మేం ఏటా బండ్ల పరుగులు జరిగే ఎండిన ఉప్పు సరస్సుకి బయల్దేరే నాటికి గ్లెనిస్‌కీ మెర్విన్‌కీ మధ్య మర్యాదలు ఎక్కువైపోయాయి. పోట్లాడుకున్నా నాకింత బెంగ ఉండేది కాదు. ఆ మొగుడూపెళ్ళాల పోట్లాటలు నాకు కొత్త కావు. కాసేపు వంటింట్లో గిన్నెలు చప్పుడవుతాయి, తర్వాత ఇద్దర్లో ఒకరు టీ పెడతారు, అయిపోతుంది. ఈసారి అలా కాదు. దారి పొడుగునా ఒకరికొకరు నీళ్ళసీసా అందించుకుంటూ, థాంక్స్ చెప్పుకుంటూ కూర్చున్నారు. మధ్యలో ఇరుక్కుని కూర్చున్న నాకు ఆ థాంక్స్ వినిపించినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది.

ట్రక్కు వెనకాల ట్రెయిలర్ మీద నిద్రబల్లి కట్టి ఉంది. అది మెర్విన్ రేసు బండి. మా వైపు పొదల్లో లావుపాటి బల్లి ఒకటుంటుంది, నడిరోడ్డు మీద పడుకుని లారీ వచ్చినా కదలదు. దాన్ని నిద్రబల్లి అంటాం. మెర్విన్ ఇంటి వెనక షెడ్డులో ఇనపగొట్టాలు వంచి, రేకు చుట్టి, పాత కారు ఇంజనొకటి బిగించి, నాలుగేళ్ళు తంటాలుపడి ఆ బండి చేశాడు. మొదటిసారి సరస్సు మీదికి తీసుకెళ్తే వారమంతా స్టార్ట్ కాలేదు. పక్క గుడారం లిండ్సే దానికా పేరు పెట్టాడు. తర్వాత అది ఎంత పరిగెత్తినా పేరు మాత్రం పోలేదు.

గ్లెనిస్ గురించి చెప్పాలి. నేనూ ఆవిడా మా ఊరి ఆసుపత్రి వంటగదిలో కలిసి పనిచేశాం. వాళ్ళ నాన్న రైలు పట్టాల మరమ్మతు కూలీ. స్టేషనంటూ లేని చోట, పట్టాల పక్కన రేకుల ఇంట్లో పెరిగింది. పిండిబస్తా మీద కూర్చోబెడితే తప్ప స్టీరింగు పైనుంచి రోడ్డు కనపడని వయసులోనే ట్రక్కు నడిపింది. మెర్విన్ నోస్కేని చేసుకుని మా ఊరొచ్చాక ఏటా గోధుమ కోతలప్పుడు లారీ తోలేది, మిగతా రోజుల్లో నాతోపాటు ఉల్లిపాయలు తరిగేది. మాట తక్కువ. నవ్వు వస్తే భుజాలు కదులుతాయి గాని నోరు విడదు. జుట్టు తనే అద్దం ముందు నిలబడి కత్తిరించుకుంటుంది, ఆ సంగతి చూడగానే తెలుస్తుంది.

మెర్విన్ ఇరవై ఏళ్ళకి పైగా ఏటా సరస్సుకి వెళ్ళాడు. గ్లెనిస్ కూడా వెళ్ళింది. నేను నా భర్త పోయాక వాళ్ళతో పోవడం మొదలెట్టాను. అక్కడ గ్లెనిస్ చెయ్యని పని లేదు. పరుగు చివర బండిని ఆపే పారాషూట్ మడిచేది, అతని బెల్టులు బిగించేది, నిద్రబల్లిని ట్రక్కుతో వెనకనించి నెట్టి స్టార్ట్ చేయించేది. ఆ తర్వాత రేడియో చెవి దగ్గర పెట్టుకుని నిలబడేది. బండి మైలు దాటేసరికి ఎండమావిలో కలిసిపోతుంది, ఆపైన ఏమవుతోందో రేడియో చెబితేనే తెలియాలి. ఒక ఏడు పారాషూట్ తెరుచుకోక మెర్విన్ సరస్సు చివరి బురదదాకా దూసుకుపోయాడు. రేడియోలో అతను బతికే ఉన్నాడని చెప్పేదాకా గ్లెనిస్ ఊపిరి పీల్చిందో లేదో నాకు తెలీదు.

అంతకుముందు చలికాలం మెర్విన్ షెడ్డులో కుప్పకూలాడు. విమానంలో అడిలైడ్ తీసుకెళ్ళి గుండెకి స్టెంట్లు వేశారు. మనిషి కోలుకున్నాడు గాని, రేసు కాగితం మీద డాక్టరు సంతకం పెట్టనన్నాడు. ఇంటికొచ్చాక రోజూ షెడ్డులోకి వెళ్ళి నిద్రబల్లి పక్కన స్టూలేసుకుని ఊరికే కూర్చునేవాడు. తన మేనల్లుడైతే బండి నడుపుతాడని లిండ్సే ఫోన్ చేసి చెప్పాడు. మెర్విన్ ఔనూ అనలేదు, కాదూ అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో భోజనానికున్నాను. గొర్రెమాంసం కోసి వడ్డిస్తూ గ్లెనిస్ మామూలుగా అంది, బండి తను నడుపుతానని.

మెర్విన్ నవ్వాడు. ఆవిడ నవ్వకపోవడం చూసి ఆగాడు. "నువ్వా?" అన్నాడు.

"నేనే. ఆ పుదీనా పచ్చడి ఇటివ్వు."

తర్వాత వంటగదిలో నేనడిగాను, ఈ వయసులో ఎందుకే నీకు అని. కత్తి ఆపకుండానే చెప్పింది, అన్నేళ్ళూ బండి బయల్దేరడం చూసింది గాని ఆ పైన ఏముంటుందో ఎప్పుడూ చూళ్ళేదట. అంతకంటే చెప్పలేదు. నేనూ తవ్వలేదు.

మెర్విన్ నేర్పించాడు. బాగానే నేర్పించాడు, అది ఒప్పుకోవాలి. నిప్పంటుకుంటే కళ్ళు కనపడకపోయినా బయటపడాలి కాబట్టి, సరస్సు దగ్గర కొత్త డ్రైవర్లకి కళ్ళకి గుడ్డ కట్టి పరీక్ష పెడతారు. పెట్రోలు ఆపాలి, కరెంటు కట్టెయ్యాలి, బెల్టులు విప్పాలి, మూత తోసుకుని బయటికి దూకాలి. సాయంత్రాలు షెడ్డులో గ్లెనిస్ అదే పని. మొదట్లో బెల్టుల్లో చిక్కుకుని వలలో చేపలా కొట్టుకునేది. నవంబరు నాటికి గుడ్డ విప్పేసి మెర్విన్ మొహం చూసి, ఎలా ఉందని అడగడం కూడా మానేసింది. అప్పటిదాకా ఇద్దరూ బాగానే ఉన్నారు.

తేడా వచ్చింది ఆ దుస్తుల దగ్గర. మంటకి కాలని ఆ సూటు మెర్విన్‌ది. దాన్ని గ్లెనిస్ కొలతకి చిన్నది చేసింది నేనే, మా ఇంటి కుట్టుమిషను మీద. అది తొడుక్కుని వంటింట్లో నిలబడితే మెర్విన్ కాసేపు చూశాడు. చూసి, కోళ్ళకి మేత వెయ్యాలని పెరట్లోకి వెళ్ళిపోయాడు. కోళ్ళకి పొద్దున్నే గ్లెనిస్ వేసింది. ఆ రోజు నించి మొదలయ్యాయి ఈ మర్యాదలు.

ఎర్రమట్టి ఒడ్డు మీద, ముల్గా చెట్ల మధ్య, ఏటా వేసే చోటే గుడారాలు వేశాం. మాకిటువైపు లిండ్సే వాళ్ళు. ఈగలు ఏటికేడాది ఎక్కువే. ఉప్పు మీంచి ఎండ కిందనించి కూడా కొడుతుంది, గడ్డం కింద, ముక్కుపుటాల లోపల కూడా క్రీము రాసుకోకపోతే మర్నాటికి తోలు లేచిపోతుంది. సరస్సు ఆ కొండల మూలవాసులది. చుక్క నూనె కూడా ఉప్పు మీద పడకూడదని వాళ్ళ షరతు. అందుకని ప్రతి బండి కింద టార్పాలిన్ పరుస్తాం, ఒడ్డు మీంచి దిగేటప్పుడు చెప్పులకంటిన మట్టి కూడా దులుపుకుంటాం.

కొత్తవాళ్ళని ఒకేసారి వదలరు. ఒక వేగం దాటి చూపిస్తే ఆ పై వేగానికి అనుమతిస్తారు. మొదటి రెండు రోజుల్లో గ్లెనిస్ ఆ మెట్లన్నీ ఎక్కేసింది. వెనకనించి మెర్విన్ ట్రక్కుతో నెట్టేవాడు, పక్కన నేను. నిద్రబల్లి గర్జించి దూరం జరగ్గానే మేం పక్కదారిలో వెనకాలే పోయేవాళ్ళం, అవతలి కొసన ఆవిణ్ణి ఎక్కించుకోవడానికి. రేడియోలో కంట్రోలు ఆవిడ ఒక్కో మైలూ దాటిందని చెబుతుంటే, మెర్విన్ పెదాలు కూడా ఆ మాటే పలికేవి.

రెండో రోజు ఆఖరి పరుగుకి గ్లెనిస్ చేతికిచ్చిన చీటీ మీద గంటకి నూట డెబ్భై ఎనిమిది మైళ్ళని ఉంది. మెర్విన్ జన్మలో ఎక్కువ నడిపింది నూట తొంభై ఏడు. రెండు వందలు దాటినవాళ్ళకి అక్కడ ఎర్రటోపీ ఇస్తారు, ఆ టోపీ కోసం అతనెన్నేళ్ళు తపించాడో మకాంలో అందరికీ తెలుసు. సాయంత్రం మంట చుట్టూ కూర్చున్నప్పుడు లిండ్సే మొదలెట్టాడు.

"ఏరా మెర్వ్, రేపు మీ ఆవిడ నిన్ను దాటేస్తే ఇంట్లో పెద్దకుర్చీ ఎవరిదిరా?"

"కుర్చీ ఎప్పుడూ దానిదే," అన్నాడు మెర్విన్. "నాకు స్టూలే." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత లేచి బండి మీద కప్పిన గుడ్డ సరిచెయ్యడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మూడో రోజు పొద్దున రేడియోలో హెచ్చరిక చెప్పారు. దక్షిణ సముద్రం మీంచి వాన కమ్ముకొస్తోంది, మర్నాటి మధ్యాహ్నానికల్లా ఇక్కడికొస్తుంది. ఒక్క వాన పడితే సరస్సు అడుగు లోతు నీళ్ళవుతుంది, రేసులు ఆ ఏటికి అయిపోయినట్టే. ఎర్రమట్టి రోడ్డు బురదైతే బయటపడడానికి వారం పట్టొచ్చు. ఎవరైనా పరుగు తియ్యాలనుకుంటే ఇవాళ, లేదా రేపు పొద్దున.

అందరూ ఒకేసారి వరసలోకి వచ్చారు. గ్లెనిస్ ఆ దళసరి సూటులో, నిద్రబల్లి లోపల, మూత తెరిచి పెట్టుకుని కూర్చుంది. నేను గొడుగు పట్టుకున్నాను. మెర్విన్ బండి చుట్టూ తిరుగుతున్నాడు. చక్రం తట్టి చూస్తాడు, వంగి కిందికి చూస్తాడు, మళ్ళీ చక్రం దగ్గరికొస్తాడు. ఒకసారి వెనక ఇంజను పక్కన పలక తెరిచి చెయ్యి లోపలికి పెట్టాడు, మూసేశాడు. ఆఖరి తనిఖీ అనుకున్నాను.

మా వంతు వచ్చింది. జెండా మనిషి వంగి గ్లెనిస్ బెల్టులు లాగి చూసి, మూత మూసి, దారి చూపించాడు. మేం ట్రక్కుతో నెట్టాం. వేగం అందుకున్నాక నిద్రబల్లి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఇంకోసారి నెట్టాం. ఈసారి దగ్గు కూడా లేదు. జెండా మనిషి చేత్తో పక్కకి తప్పుకోమన్నాడు. వెనకున్న బండి ముందుకొచ్చేసింది.

మకాం దగ్గరికి లాక్కొచ్చి టార్పాలిన్ మీద నిలబెట్టాం. పెట్రోలు పంపు పోయుంటుందన్నాడు మెర్విన్. పోర్ట్ అగస్టా పట్నంలో గాని దొరకదు, పోయి వచ్చి బిగించేసరికి రేపు వాన వచ్చేస్తుంది, పోనీలే వచ్చే ఏడు చూద్దామన్నాడు. గ్లెనిస్ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని వింటోంది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుంది. అంతలో ఎవరు చెప్పారో, లిండ్సే పరిగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో పంపు పట్టుకుని. వాళ్ళ బండికి తెచ్చుకున్న అదనపు పంపు అది. అక్కడ అంతే, ఒకరి బండి ఆగితే చుట్టూ ఉన్నవాళ్ళకి నిద్రపట్టదు.

మెర్విన్ ఆ పంపు వంక చూశాడు. అందుకోలేదు. ఇది మన బండికి సరిపోదేమో అన్నాడు. సరిపోతుందిరా, నేను కొలిచే తెచ్చానన్నాడు లిండ్సే.

అప్పుడు గ్లెనిస్ లేచింది. సూటు పైభాగం నడుముకి కట్టుకుని, స్క్రూడ్రైవరు తీసుకుని, తనే ఇంజను పక్క పలక తెరిచింది. లోపలికి చూసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనపడింది. ఫ్యూజుల వరసలో ఒక గూడు ఖాళీగా ఉంది.

ఆవిడ పలక మూసేసింది. వైరొకటి ఊడింది, పంపు బాగానే ఉంది, చాలా థాంక్స్ అని లిండ్సేని పంపించేసింది. ఆ సరికే గాలి లేచింది. గాలి హద్దు దాటిందని, ఇవాళ్టికి పరుగులు ఆపేశామని రేడియోలో చెప్పారు.

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ బండి దగ్గరే ఉంది. పారాషూట్ విప్పి మళ్ళీ మడిచింది. మెర్విన్ చెట్టుకింద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. పొద్దు వాలాక నేను నిప్పుల మీద మాంసం ముక్కలు కాలుస్తుంటే గ్లెనిస్ వచ్చి అతని ఎదురుగా పెట్టె మీద కూర్చుంది. అరచెయ్యి చాపింది.

"ఇవ్వు," అంది.

ఏమిటని మెర్విన్ అడగలేదు. చొక్కా జేబులోంచి తీసి ఆ చేతిలో పెట్టాడు. గోరంత ఉంది ఫ్యూజు.

నేను లేచి వెళ్ళబోయాను. కూర్చోమని, ముక్కలు మాడిపోతాయని గ్లెనిస్ నాకేసి చూడకుండానే అంది.

"అన్నేళ్ళూ నీ బెల్టులు బిగించింది నేను," అంది మెర్విన్‌తో. గొంతు పెద్దది చెయ్యలేదు. "పారాషూట్ మడిచింది నేను. ఒక్కరోజైనా ఒక్క మర వదులు చేశానా?"

"లేదు."

"చెయ్యాలని బుద్ధి పుట్టలేదనుకుంటున్నావా?"

మెర్విన్ తలెత్తాడు.

"నువ్వు బురదదాకా దూసుకుపోయావే, ఆ మరుసటి ఏడు. వరసలో ఉన్నాం. స్పానరు చేతిలో పట్టుకుని ఇంజను పక్కన నిలబడ్డాను. ఒక్క తిప్పు తిప్పితే చాలు, స్టార్ట్ అవదు."

"మరి ఎందుకు తిప్పలేదు?"

"నీ మొహం చూశాను. పుట్టినరోజు పిల్లాడిలా ఉన్నావు. డబ్బాలో పడేశాను స్పానరు." ఫ్యూజుని వేళ్ళ మధ్య తిప్పింది. "నాకొక్కటి చెప్పు మెర్వ్. నాకేమన్నా అవుతుందని భయపడ్డావా, నిన్ను దాటేస్తానని కుళ్ళుకున్నావా?"

నిప్పుల మీద కొవ్వు పడి చిటపటమంటోంది. ముక్కలు తిప్పడం మర్చిపోయాను నేను.

"రెండూనేమో," అన్నాడు మెర్విన్ చివరికి. "ఏది ఎంతో నాకే తెలీదు గ్లెన్. పొద్దున్నించీ కూర్చుని అదే చూసుకుంటున్నాను."

గ్లెనిస్ తల ఊపింది. క్షమించినట్టు లేదు, కోపం వచ్చినట్టూ లేదు. "రేపు బండి నువ్వే నెట్టాలి," అంది. "నే నెడతానని లిండ్సే వస్తాడు. వద్దంటాను. నువ్వే నెట్టాలి."

"నెడతాను."

ముక్కలు ఒకవైపు మాడాయి. టిన్ను బీట్‌రూట్ వేసుకుని అలాగే తిన్నాం.

పొద్దున లేచేసరికి నైరుతి మూల ఆకాశం అంచున నల్లటి గీత. సగం మకాం గుడారాలు విప్పుతోంది. మేం కూడా అన్నీ కట్టి ట్రెయిలర్‌కెక్కించి, నిద్రబల్లి ఒక్కదాన్నీ వరసలోకి తీసుకెళ్ళాం. గాలి ఇంకా పెద్దగా లేదు, కానీ ఉండుండి ఒక తెమ్మెర చెంపకి తగులుతోంది. గాలి హద్దు దాటేలోగా ఎంతమందికి కుదిరితే అంతమంది. మా ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్తుంటే నేను ఆ నల్లగీతనే చూస్తున్నాను. గీత కాస్తా గోడయింది.

మెర్విన్ ఇంజను పక్క పలక తెరిచి గ్లెనిస్‌ని పిలిచాడు. ఫ్యూజు మీద వేలు పెట్టి చూపించాడు. ఆవిడ చూసి తల ఊపింది. మూసేశాడు. తర్వాత ఆవిడ లోపల కూర్చున్నాక బెల్టులు బిగించాడు, ఆవిడ అబ్బా అనేదాకా. ఇంకొంచెం బిగించాడు.

జెండా మనిషి దారి చూపించాడు. నెట్టాం. నిద్రబల్లి ఒక్కసారిగా అందుకుంది. ట్రక్కు అద్దాలు గడగడలాడాయి. మేం పక్కకి తప్పుకుని పక్కదారి ఎక్కేసరికే అది చేతివేలంతైంది, తర్వాత నేలమీంచి లేచి గాలిలో తేలుతున్నట్టు కనపడింది, తర్వాత కనపడలేదు.

"నోస్కే బండి, మొదటి మైలు దాటింది," అంది రేడియోలో కంట్రోలు ఆవిడ.

మెర్విన్ పెదాలు కదిలాయి.

"రెండో మైలు దాటింది."

ఆ క్షణాన గాలి ఒక్క విసురుగా మా ట్రక్కు తలుపుకి కొట్టింది. కిటికీలోంచి నా టోపీ ఎగిరి వెనక్కి పడింది. నేనూ మెర్విన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మూడో మైలు దాటింది," అంది ఆవిడ. ఇంకేదో చెప్పబోయి ఆగింది. మళ్ళీ వచ్చేసరికి గొంతు మారింది. "బండి తిరుగుతోంది. మూడుకీ నాలుగుకీ మధ్య. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగండి. దారి మీదికి ఎవరూ రావద్దు."

మెర్విన్ బ్రేకు తొక్కాడు. ట్రక్కు ఉప్పు మీద జారి ఆగింది. దూరంగా ఎండమావి వెనకాల తెల్లటి పొగలాంటిది లేచింది, గాలికి పక్కకి ఒరిగింది. అది ఉప్పో పొగో నాకు తెలీలేదు. మెర్విన్ తలుపు తీసి దిగేశాడు. పరిగెత్తబోతున్నాడని అర్థమై నేనూ అటువైపు దూకి అతని చొక్కా పట్టుకున్నాను.

"అంత దూరం నీ గుండె పరిగెత్తదు. అక్కడ ఒకరి కోసం వెళ్ళిన బండి నీ కోసం వెనక్కి రావాలా?" అన్నాను.

అతను నా చెయ్యి విదిలించుకోలేదు. ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రేడియో సర్రుమంటోంది, మనిషి గొంతు లేదు. మంటలార్పే బండి మా పక్కనించి దుమ్ములేని దారిలో దూసుకుపోయింది, దాని వెనకాల అంబులెన్సు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. వాన చల్లదనం ముందు వచ్చేసింది. నేనతని మొహం చూడలేకపోయాను. అతని చొక్కా మాత్రం వదల్లేదు, పిడికిట్లో గుడ్డ తడిసిపోయింది, చెమట నాదో అతనిదో.

"డ్రైవరు," అంది రేడియో. గరగర. మళ్ళీ, "డ్రైవరు బయటే ఉంది. లేచి నడుస్తోంది." ఇంకాస్త ఆగి అదే గొంతు కొంచెం తేలికపడి, "బండి చుట్టూ తిరుగుతూ తిడుతోందట," అంది.

మెర్విన్ ట్రక్కు మెట్టు మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉప్పుకేసి చూశాడు. కాసేపయ్యాక, ఇంక వెళ్దాం రమ్మని నేనే లేపాను. అక్కణ్ణించి ట్రక్కు నేను నడిపాను.

ఉప్పు మీద చక్రాల గుర్తులు మూడు పెద్ద సున్నాలు చుట్టి ఉన్నాయి. వాటి చివర నిద్రబల్లి వెనక్కి తిరిగి నిలబడి ఉంది. పక్కరేకు ఒకటి లేదు, చక్రమొకటి చీలికలై వేలాడుతోంది, వెనకాల పారాషూట్ గాలికి కొట్టుకుంటోంది. పక్కగాలి తోకని తోసెయ్యగానే గ్లెనిస్ పారాషూట్ లాగిందట. అది లాగకపోతే పల్టీలు కొట్టేదని మంటలార్పే అతను చెప్పాడు. అంబులెన్సు వాళ్ళు మెడ నొక్కి చూస్తామంటే ఆవిడ ఒప్పుకుంది గాని, హెల్మెట్ పట్టీ విప్పుకోవడానికి వేళ్ళు మాట వినడంలేదు.

మెర్విన్ దగ్గరికెళ్ళాడు. గడ్డం కింద పట్టీ పట్టుకుని విప్పడం మొదలెట్టాడు. చిన్న కొక్కెం అది, రెండు వేళ్ళతో ఊడుతుంది. చాలాసేపు పట్టింది. నేను అటు తిరిగి పారాషూట్ చుట్టడం మొదలెట్టాను.

టైము చీటీ తెచ్చి ఇచ్చారు. నూట తొంభై ఒకటి. గ్లెనిస్ చూసి మెర్విన్‌కిచ్చింది, అతను చూసి జేబులో పెట్టుకున్నాడు.

నిద్రబల్లిని ట్రెయిలర్‌కెక్కిస్తుండగా మొదటి చినుకులు పడ్డాయి. లిండ్సే వాళ్ళు తాళ్ళు బిగించడానికి సాయం వచ్చారు. ఈసారి అతను కూడా వేళాకోళం ఆడలేదు, గ్లెనిస్ వీపు తట్టి ఊరుకున్నాడు. ఎర్రరోడ్డు ఎక్కేసరికి జోరువాన. ట్రెయిలర్ ఒకసారి అటూ ఒకసారి ఇటూ జారుతోంది. వాగు దాటే చోట నీళ్ళు అప్పుడే చక్రాల సగానికొచ్చాయి. ముందు వెళ్ళిన బండి అటువైపు గట్టెక్కిందో లేదో వానలో తెలియడంలేదు. మెర్విన్ ఆపి, గ్లెనిస్ వంక చూశాడు. పోనిమ్మని ఆవిడ చేత్తో సైగ చేసింది. నీళ్ళు తలుపు కిందనించి లోపలికొచ్చి నా చెప్పులు తడిపాయి. ఇంజను ఒకసారి మూలిగింది. గట్టెక్కాం.

నేను మళ్ళీ మధ్యలో ఇరుక్కుని, మళ్ళీ ఆ థాంక్సులు మొదలవుతాయేమోనని భయపడుతూ కూర్చున్నాను.

"ఎలా ఉంది?" అన్నాడు మెర్విన్. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

గ్లెనిస్ మెడకి పట్టీ వేసి ఉంది. తల తిప్పలేక, ముందుకే చూస్తూ చెప్పింది. రెండో మైలు దాకా చప్పుడు చెవులు పగిలేలా ఉంటుంది, తర్వాత ఎందుకో చప్పుడు వెనకబడిపోతుంది అంది. కొండలు కదలవు. దారి పక్కన ఉప్పు మీద గుర్తుకి గీసిన నల్లగీత ఒక్కటే కదులుతుంది, అది కూడా బండి కిందికి కాకుండా తన కడుపులోకి వచ్చేస్తున్నట్టుంటుంది అంది.

"గీత ఎడమకి లాగినట్టుంటుందా?" అన్నాడు మెర్విన్.

"ఆఁ. ఎడమకే. నా కళ్ళే అలా ఉన్నాయనుకున్నాను."

"నాకూ అంతే. మొదటి ఏడు నేనూ అలాగే అనుకున్నాను."

"ఎప్పుడూ చెప్పలేదే."

"నువ్వడగలేదు."

"అడిగితే చెప్పేవాడివా?"

మెర్విన్ ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదేమో," అన్నాడు.

అక్కణ్ణించి తారురోడ్డు దాకా ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకున్నారు. ఉప్పు మెత్తబడ్డ చోట బండి ఎలా ఒరుగుతుందో, పారాషూట్ లాగినప్పుడు గుండెలో గాలంతా ఎలా బయటికి పోతుందో, తిరగడం మొదలయ్యాక ఆకాశం ఎన్నిసార్లు కనపడిందో. మధ్యలో నేనున్నానని మర్చిపోయారు. వాళ్ళతో అన్నేళ్ళు తిరిగాను గాని ఆ మాటల్లో ఒక్కటీ అంతకుముందు నేను వినలేదు. ఒక చోట గ్లెనిస్ మాట ఆపి, కొంచెం ఏడ్చింది. మెర్విన్ ట్రక్కు ఆపబోతే వద్దంది, వాన ఎక్కువౌతోంది, పోనిమ్మంది.

తర్వాత రెండేళ్ళు మార్చిలో సరస్సు నీళ్ళతోనే ఉంది. మూడో ఏడు ఆరింది. నిద్రబల్లికి కొత్త రేకు వేసి తీసుకెళ్ళాం. గ్లెనిస్ నడిపింది, మెర్విన్ నెట్టాడు. పక్కదారిలో నా పక్కన కూర్చుని ఆవిడ పరుగు తీసినంతసేపూ అతను చెమటలు కక్కుతూనే ఉన్నాడు, అదేమీ తగ్గలేదు. నూట తొంభై తొమ్మిది వచ్చింది. ఎర్రటోపీ ఆ ఇంట్లో ఇద్దరికీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించమని లిండ్సే చాలా పోరుపెట్టాడు. చాల్లే అంది గ్లెనిస్, ఎండ ఎక్కువైంది, ఆకలేస్తోంది అంది. ఆ మధ్యాహ్నం ముగ్గురం చెట్టుకింద కూర్చుని రొట్టె, చల్లటి మాంసం తింటూ, మిగతావాళ్ళ బండ్లు ఒక్కొక్కటే ఎండమావిలో కలిసిపోవడం చూశాం.